పేచీ పెట్టని పాప

కరోనా రెండో విడత సద్దుమణిగిన మరుసటి ఏడాది వేసవిలో నన్ను కొత్తచెరువు వైపు నుంచి కుందుర్పి ప్రాంతంలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి మెడికల్ ఆఫీసరుగా బదిలీ చేశారు. నా ఉద్యోగ జీవితంలో అదే చివరి పోస్టింగు. రికార్డుల్లో నా హోదా సివిల్ అసిస్టెంట్ సర్జన్. ఆ పేరు విని నేను రోజూ ఆపరేషన్లు చేస్తానని అనుకునేవాళ్ళు చాలామంది ఉండేవారు. నిజానికి ప్రభుత్వ వైద్యశాఖలో చేరే డాక్టర్లకు తొలి మెట్టు పేరు అదే. కత్తి పట్టినా పట్టకపోయినా సర్జన్ కిందే లెక్క. ఎం.బి.బి.ఎస్. తర్వాత నేను పిల్లల వైద్యంలో డిప్లొమా చేశాను. పై మెట్లు ఎక్కితే ఫైళ్ళ ముందు కూర్చోవాల్సి వస్తుందని, ఓ.పి. గదిలో పసిపిల్లల అరుపుల మధ్య కూర్చోవడమే నాకు హాయి అని, పదోన్నతుల వెంట ఎప్పుడూ గట్టిగా పడలేదు.

అది చిన్న ఆసుపత్రి. నాతోపాటు స్టాఫ్ నర్సు సుగుణ, ఒక ఫార్మసిస్టు, ఒక ల్యాబ్ టెక్నీషియన్ ఉండేవారు. మా ల్యాబులో రక్తం శాతం, షుగరు, మలేరియా చూడగలం. హార్మోన్ల పరీక్షలు చేసే యంత్రం లేదు. వాటికి కళ్యాణదుర్గమో అనంతపురమో పంపాల్సిందే. సుగుణ ఆ ప్రాంతంలోనే పుట్టి పెరిగిన మనిషి, ఆదివారం చర్చిలో పాట పాడితే బయటి రోడ్డు మీదికి వినిపించేంత గొంతు. ఓ.పి.లో రోగులను వరుసలో నిలబెట్టడానికి ఆ గొంతు మాకు మైకు కంటే బాగా పనికొచ్చేది.

నేను చేరిన కొద్ది వారాలకే, ఎండలు ఇంకా మండుతుండగా, మంజుల అనే బాలింతను ఆమె తల్లి హనుమక్క వెంటబెట్టుకొని వచ్చింది. మంజులకు ఇరవై దాటి రెండు మూడేళ్ళుంటాయి. తొలి కాన్పు. రొమ్ముల్లో పాలు గడ్డకట్టి, జ్వరం వచ్చి, చెయ్యి పైకి ఎత్తలేని స్థితిలో ఉంది. హనుమక్క ఒడిలో గుడ్డలో చుట్టిన మూడు వారాల ఆడపిల్ల నిద్రపోతోంది. చీటీ మంజుల పేరు మీదే రాయించారు. పాపను చూపించాలన్న ఆలోచనే వాళ్ళకు లేదు.

పాలు గడ్డకట్టాయంటే సాధారణంగా రెండు కారణాలుంటాయి. తల్లి పాలు ఇవ్వడంలో ఇబ్బంది, లేదా బిడ్డ తాగడంలో ఇబ్బంది. నేను గుత్తిలో పుట్టిపెరిగినదాన్ని కాబట్టి వాళ్ళ మాట నాకూ సొంతమే. "అవ్వా, బిడ్డ పాలు బాగా తాగతాండాదా?" అని అడిగాను.

హనుమక్క ముఖం వెలిగిపోయింది. "తాగుతాదమ్మా. కాకపోతే దానికి ఆకలనేదే లేదు. నాలుగు గుక్కలు తాగి నిద్దరపోతాది. శానా మంచి బిడ్డ. పుట్టినప్పటినుంచీ ఒక్కనాడు పేచీ పెట్టలే. మా వీధిలో అందురూ నీ మనవరాలు దేవత మాదిరి ఉండాది అంటాండారు. అందుకే శాంతి అని పిలుస్తాండాం."

"మలం రోజూ పోతాండాదా?"

"ఆ బాధ కూడా లేదమ్మా. మూన్నాలుగు దినాలకు ఒకసారి. గుడ్డలు ఉతికే పని కూడా ఎక్కువ లేదు."

మా వృత్తిలో తల్లులు చెప్పే ఫిర్యాదులను వినడం అందరూ నేర్చుకుంటారు. పొగడ్తలను కూడా అలాగే వినాలని డిప్లొమా చదివేటప్పుడు మా ప్రొఫెసరు ఒకరు అంటుండేవారు. నెల నిండని పసికందు ఆకలికి ఏడవదు, రోజూ విరేచనం కాదు, ఎప్పుడూ నిద్రలోనే ఉంటుంది అని ఒకే నోట వింటే ఆ బిడ్డను బల్ల మీద పడుకోబెట్టి చూడాలి.

మంజులకు ఇవ్వాల్సింది ఇచ్చి, పాపకు కూడా చీటీ రాయించమని సుగుణకు చెప్పాను. చుట్టిన గుడ్డ విప్పి ఒంటి మీద చెయ్యి వేశాను. బయట రేకుల షెడ్డు కింద కూర్చున్న మనుషులు చెమటతో తడిసిపోతున్నారు. ఆ వేడిలోనూ పాప ఒళ్ళు చల్లగా ఉంది. కళ్ళలో, చర్మం మీద పుట్టినప్పటి పసిరికల, అంటే కామెర్ల, ఛాయ ఇంకా పోలేదు. మామూలుగా అయితే రెండు వారాల్లోపు పోవాలి. ముఖం కాస్త ఉబ్బి ఉంది. నాలుక నోటికి కొంచెం పెద్దదిగా, పెదాల మధ్య నుంచి బయటికి కనిపిస్తోంది. బొడ్డు ఉబ్బి ముందుకు వచ్చింది. తల వెనక ఎముకల మధ్య ఉండే మెత్తని సందు ఉండాల్సిన దానికంటే వెడల్పుగా ఉంది. అరికాలి మీద వేలితో చిటిక కొట్టాను. చాలాసేపటికి పాప ఏడ్చింది. ఆ ఏడుపు పసిపిల్ల ఏడుపులా సన్నగా లేదు; బొంగురుగా, బరువుగా, ఎవరో దుప్పటి కింద నుంచి పిలిచినట్టు ఉంది.

పుట్టుకతో వచ్చే థైరాయిడ్ లోపం లక్షణాలు చాలావరకు పుస్తకంలో రాసినట్టే నా ముందు ఉన్నాయి. అంత స్పష్టంగా కనబడే కేసులు తక్కువ. చాలామంది పిల్లలు పుట్టినప్పుడు మామూలుగానే కనిపిస్తారు. అందుకే పుట్టిన రెండు మూడు రోజుల్లో మడమ నుంచి చుక్క రక్తం తీసి పరీక్షించే పద్ధతి కొన్ని చోట్ల ఉంది. ఈ పాప పుట్టిన చోట ఆ వసతి లేదు.

థైరాయిడ్ అనేది గొంతు ముందు భాగంలో సీతాకోకచిలుక ఆకారంలో ఉండే చిన్న గ్రంథి. అది తయారు చేసే హార్మోను ఒంట్లో ప్రతి అవయవానికీ వేగం ఇస్తుంది. గుండె, పేగులు, చర్మం, అన్నింటికీ. పసిపిల్లల్లో అన్నింటికంటే ముఖ్యంగా మెదడు పెరగడానికి అది కావాలి. మొదటి రెండు మూడేళ్ళలో ఆ హార్మోను అందకపోతే మెదడులో జరగాల్సిన పెరుగుదల జరగదు. తర్వాత ఎంత మందు ఇచ్చినా పోయింది తిరిగి రాదు. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఆరేళ్ళ వయసులో మొదటిసారి ఆసుపత్రి చూసిన ఒక పిల్లను నేను పరీక్షించాను. మందు మొదలుపెట్టాక ఎత్తు పెరిగింది, జుట్టు ఒత్తయింది, మలబద్ధకం పోయింది. మాట మాత్రం రెండు మూడు పదాల దగ్గరే ఆగిపోయింది. అందువల్ల శాంతి విషయంలో వారాలు కూడా నాకు పెద్ద లెక్కే.

తండ్రిని పిలిపించమన్నాను. తిప్పేస్వామి హనుమక్క ఇంటికి ఇల్లరికం వచ్చిన అల్లుడు. బోర్లు వేసే బండి మీద పనిచేస్తాడు. ఆ రోజు పక్క ఊళ్ళో బోరు దించుతున్నారట. జుట్టు, కనుబొమలు రాతిపొడితో తెల్లబడిపోయి, పనిమీద నుంచి తిన్నగా వచ్చాడు. సుగుణ అతన్ని చూసి ముందు మొహం కడుక్కొని రమ్మని కొళాయి వైపు పంపింది.

విషయం ముగ్గురికీ కలిపి చెప్పాను. మంజుల మొదట అడిగింది తన గురించే. "మేడం, కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం నాడు నేను బయటికి పోయినాను. దానివల్లనా?"

"కాదమ్మా. ఆ గ్రంథి తయారయ్యేటప్పుడు సరిగ్గా తయారు కాలేదు, అంతే. నువ్వు తిన్నదానివల్ల కాదు, పోయినదానివల్ల కాదు. ఎవరి తప్పూ లేదు. మందుంది, మాత్రే. రోజూ వేస్తే అందరి పిల్లల మాదిరే పెరుగుతాది."

హనుమక్కకు మాత్రం నా మాట నచ్చలేదు. "ఏమమ్మా, ఏడవని బిడ్డకు రోగమంటావా? ఏడ్సే బిడ్డలను యేమంటావు మరి?"

తిప్పేస్వామి అత్తను ఆపాడు. "అత్తా, ఉండు. మేడం, నేల కింద నీళ్ళుండాయా లేదా అని మేము మిషన్ పెట్టి చూస్తాం. ఒగోసారి అది కూడా తప్పు చెప్తాది అనుకో. దీనికి అట్లాంటి టెస్టేమన్నా ఉండాదా?"

ఉందని, అది మీ మిషన్ కంటే నమ్మకమైనదేనని చెప్పాను. అది టి.ఎస్.హెచ్. పరీక్ష. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి థైరాయిడ్‌కు 'ఇంకా తయారుచెయ్యి' అని పంపే ఆజ్ఞ పేరు టి.ఎస్.హెచ్. థైరాయిడ్ పని చేయకపోతే ఆ ఆజ్ఞ అంతకంతకూ గట్టిగా వినిపిస్తుంది. కాబట్టి ఆ అంకె ఎంత ఎక్కువగా ఉంటే లోపం అంత తీవ్రంగా ఉన్నట్టు. దానితోపాటు టి-4 అనే అసలు హార్మోను ఎంత ఉందో కూడా చూస్తారు.

పసికందు చేతిలో నరం దొరకడం కష్టం. నేనే రక్తం తీశాను. గడ్డకట్టాక పైన తేలే సీరాన్ని మా టెక్నీషియన్ వేరు చేసి చిన్న గొట్టంలో పోశాడు. టీకాలు మోసుకెళ్ళే నీలిరంగు డబ్బాలో ఐస్ ప్యాకుల మధ్య దాన్ని పెట్టి, కళ్యాణదుర్గంలో ఒక ల్యాబుకు పంపాలి. తిప్పేస్వామి తానే తీసుకుపోతానన్నాడు. బస్సులో ఆ డబ్బాను ఒళ్ళో పెట్టుకొని కూర్చుంటే పక్కనున్న పిల్లలు ఐస్‌క్రీం అనుకొని దారి పొడవునా అడిగారట. "ఇది మా పాప రక్తం" అని చెప్తే పక్క సీటు మనిషి లేచి వేరే చోట కూర్చున్నాడని తర్వాత ఓ.పి.లో అందరికీ నవ్వుతూ చెప్పాడు.

ఇలాంటి కేసుల్లో అనుమానం బలంగా ఉంటే ఫలితం కోసం ఎదురుచూడకూడదన్నది నియమం. నమూనా తీసిన వెంటనే మందు మొదలుపెట్టాలి. ఆ మందు పేరు లెవోథైరాక్సిన్. ఒంట్లో తయారు కావలసిన హార్మోనునే మాత్ర రూపంలో ఇవ్వడం. మోతాదు బరువును బట్టి లెక్కకడతాం. విచిత్రం ఏమిటంటే, కిలో బరువుకు లెక్కిస్తే పెద్దవాళ్ళ కంటే పసికందుకు ఎన్నో రెట్లు ఎక్కువ కావాలి. పాపకు కావలసిన మాత్ర ఫార్మసిస్టు ఆ సాయంత్రానికే తెప్పించాడు.

మాత్ర వేసే పద్ధతి సుగుణ మంజులకు చేసి చూపించింది. రెండు చెంచాల మధ్య మాత్రను నలిపి పొడి చెయ్యాలి. ఉగ్గుగిన్నెలో కొద్దిగా తల్లి పాలు పిండి, అందులో కలిపి పట్టాలి. గిన్నెకు అంటుకున్నది మళ్ళీ కొంచెం పాలతో కడిగి పట్టాలి. పొద్దున్నే, కడుపు ఖాళీగా ఉన్నప్పుడు, రోజూ ఒకే వేళకు. ముందుముందు ఐరన్, కాల్షియం చుక్కలు ఇవ్వాల్సి వస్తే వాటికీ దీనికీ మధ్య నాలుగు గంటలు ఎడం ఉండాలి, లేకపోతే మందు ఒంటికి పట్టదు. మంజుల శ్రద్ధగా విని, తనే రెండోసారి చేసి చూపించింది. పాప సగం నిద్రలోనే ఆ పాలు మింగింది.

ల్యాబు నుంచి ఫోను వచ్చింది. టి.ఎస్.హెచ్. వాళ్ళ యంత్రం చూపగల గరిష్ఠ అంకెను దాటిపోయింది. టి-4 దాదాపు లేనట్టే. అనుమానం తీరింది.

రెండు వారాల తర్వాత మళ్ళీ రమ్మన్నాం. ఆ గడువుకు ముందే ఒక ఉదయం ఓ.పి. బయట పెద్ద గొడవ వినిపించింది. కారణం రెండు గొంతులు. ఒకటి హనుమక్కది, రెండోది శాంతిది. వరుసలో ఉన్నవాళ్ళను తప్పించుకుంటూ హనుమక్క నేరుగా నా బల్ల ముందుకొచ్చి నిలబడింది. చంకలో పాప ముఖం ఎర్రగా చేసుకొని కాళ్ళు తన్నుకుంటూ ఏడుస్తోంది.

"ఏమి మందిచ్చినావమ్మా మా బిడ్డకు? బంగారట్లాంటి బిడ్డను చెడగొడితివి! రాత్రంతా నిద్దరపోదు, ఎవ్వరినీ పోనీదు. గంటకొక తూరి పాలు కావాలంట. గుడ్డలు తడిపిందే తడిపేది. మా అల్లుడు బోరుబండి మోత నుంచి ఇంటికొస్తే ఈడ దీని మోత. వాడు మళ్ళా పనికే పోతా అంటాండాడు!"

వరుసలో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. సుగుణ పాపను ఎత్తుకొని తూకం పళ్ళెంలో పడుకోబెట్టింది. బరువు పెరిగింది. ఒళ్ళు వెచ్చగా ఉంది. పసిరికల ఛాయ పోయింది. ఏడుపులో ఆ బొంగురు తగ్గి పసితనం వచ్చింది. అంతకంటే మంచి ఫలితం నేను కోరుకోలేను. కానీ హనుమక్క ముఖంలో కోపం నిజమైనదే. ఈ మందు వాళ్ళ ఇంట్లో ఇంకెంతకాలం సాగుతుందన్న భయం నాకు పట్టుకుంది. పొద్దున మందు పట్టేది మంజులే అయినా, ఆ ఇంట్లో ఏది ఉండాలి, ఏది పోవాలి అని తేల్చేది హనుమక్క.

మెదడు, హార్మోను అని మళ్ళీ మొదలుపెడితే ఆమె వినదని తెలుసు. ఆ రోజు బుధవారం. మా దగ్గర బుధవారం టీకాల రోజు. వెనక హాల్లో చుట్టుపక్కల ఊళ్ళ నుంచి తల్లులు పసిబిడ్డలతో వచ్చి కూర్చుంటారు. "అవ్వా, నీతో వాదించే ఓపిక నాకు లేదు. ఒక గంట ఆ హాల్లో కూర్చొని, ఏడవని బిడ్డ యాడన్నా కనపడితే నాకు చెప్పు. ఆ తర్వాత మాట్లాడదాం" అన్నాను.

హనుమక్క సవాలు తీసుకున్నట్టుగా వెళ్ళి గోడకు ఆనుకొని కూర్చుంది. టీకాల హాలు ఎలా ఉంటుందో చూసినవాళ్ళకు తెలుసు. ఒక బిడ్డ మొదలుపెడితే ఇంకో బిడ్డ అందుకుంటుంది. సూది పొడిచినవాళ్ళు ఏడుస్తారు, పొడవనివాళ్ళు వాళ్ళను చూసి ఏడుస్తారు. శాంతికి ఆ రోజు సూది లేదు. అయినా హాలంతా వినిపించేలా ఏడ్చింది. హనుమక్క పక్కనున్న తల్లులను ఒక్కొక్కరినీ అడిగిందట: "మీ బిడ్డ రాత్రి ఎన్ని తూర్లు లేస్తాది? పాలెన్ని తూర్లు?" వాళ్ళు చెప్పిన బాధలన్నీ విన్న తర్వాత తిరిగి నా గదిలోకొచ్చినప్పుడు ఆమె నడక వేరుగా ఉంది.

"అందురు బిడ్డలూ ఇట్లే ఏడుస్తాండారమ్మా" అంది. "కానీ అందర్లో మా బిడ్డదే పై గొంతు" అంది.

"అది మందు చేస్తాండే పని. మందు మానితే మళ్ళా మొదటి మాదిరి అయిపోతాది."

"మానేది యేమిటికి? నీకు చెప్పల్లని వచ్చినా, అంతే" అని పాపను చంకకెత్తుకుంది.

ఆ తర్వాత ఏడాది దాదాపు నల్లేరు మీద బండిలా సాగింది. మొదట నెలకోసారి, తర్వాత రెండు మూడు నెలలకోసారి రక్తపరీక్ష. పాప బరువు పెరిగేకొద్దీ మాత్ర మోతాదు మార్చుకుంటూ పోవడం. నవ్వడం, బోర్లా పడటం, కూర్చోవడం, అన్నీ వయసుకు తగ్గట్టు వచ్చాయి. నెలవారీ మాత్రల సీసా కోసం తిప్పేస్వామి వస్తే పాప చేసే అల్లరి గురించి పది నిమిషాలు చెప్పకుండా కదిలేవాడు కాదు.

మరుసటి వేసవి ముదిరాక చేసిన పరీక్షలో టి.ఎస్.హెచ్. మళ్ళీ పైకి వచ్చింది. మొదటిసారి అంత కాదు. కానీ ఊరుకోదగినది కూడా కాదు. పాప కాస్త మందగించిందని, విరేచనం మళ్ళీ గట్టిపడిందని మంజుల కూడా గమనించింది.

అంకె పెరిగినప్పుడు మేము వరుసగా చూసే విషయాలు కొన్ని ఉన్నాయి. బరువుకు మోతాదు చాలుతోందా, రోజూ వేస్తున్నారా, దేనితో కలిపి ఇస్తున్నారు, మాత్ర ఎలా నిల్వ ఉంచుతున్నారు. మోతాదు కొంచెం పెంచాల్సి ఉంది, నిజమే. కానీ ఆ తేడాతోనే అంకె అంతగా పెరగదు. ఒక్క పూట కూడా మానలేదని మంజుల కచ్చితంగా చెప్పింది. ఐరన్ చుక్కలు సాయంత్రం పూటే వేస్తోంది. మాత్రలు ఎక్కడ పెడతారంటే, "మా అమ్మ దేవుని తావ పెడతాది" అంది. ఆ ఊళ్ళో ఎలాగూ గర్భిణులను చూడటానికి వెళ్ళాల్సి ఉంది. సుగుణతో కలిసి హనుమక్క ఇంటికి వెళ్ళాను.

ఇంటికి రెండు భాగాలు. వెనక పాతకాలపు మట్టి మిద్దె. మందపాటి గోడలు, చిన్న కిటికీ, లోపల శనక్కాయల మూటలు. ముందు ఈమధ్యే రేకులు వేసిన గది. ఇల్లంతా ఆ రేకుల గదిలోనే ఉంటారు. గోడలోని గూట్లో దేవుని పటం, దాని ముందు నూనె దీపం వెలుగుతోంది. దీపం పక్కనే మెరిసే ఇత్తడి కుంకుమ భరిణె.

"మందు చూపించవ్వా" అన్నాను.

హనుమక్క చేతులు కడుక్కొని, భరిణెకు దండం పెట్టి, తెచ్చి నా చేతిలో పెట్టింది. భరిణె వేడిగా ఉంది. మూత తీస్తే లోపల పాప మాత్రలు.

"సీసా ఏమయిందవ్వా?"

"దాని మూత తిరగదమ్మా. పైగా ఆ సీసా చూస్తే మందు మాదిరి ఉండాది. ఇంట్లోకి వచ్చేపోయేవాళ్ళు 'బిడ్డకేమి రోగం' అని అడగతారు. దేవుని పక్కన భరిణెలో పెడితే ఎవురూ అడగరు. దేవుని తావ ఉంటే మందుకు బలం కూడా వస్తాదని పెడితి."

సుగుణ నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు తిరిగింది. నాకు మాత్రం హనుమక్క మీద గౌరవం కలిగింది. ఏడాది కిందట ఆ మందును తిట్టుకుంటూ వచ్చిన మనిషి, ఇప్పుడు ఇంట్లో అన్నింటికంటే గొప్ప చోటు దానికి ఇచ్చింది. ఇబ్బంది ఏమిటంటే, లెవోథైరాక్సిన్ వేడినీ, వెలుతురునూ, తేమనూ ఓర్చుకోదు. రేకుల కింద, మే నెల ఎండలో, దీపం పక్కన, మూత వదులుగా ఉన్న ఇత్తడి భరిణెలో ఆ మాత్రలు బలం కోల్పోయి ఉంటాయి. మోతాదు చాలకపోవడం ఎంత, వేడి ఎంత అని తూచి చెప్పలేను. రెండూ సరిచేయడమే మార్గం.

"అవ్వా, నువ్వు పెట్టిన చోటు మంచిదే. కానీ ఈ మందుకు సెగ పడదు. పాలు ఎండలో పెడితే ఎట్లా విరిగిపోతాయో, ఇదీ అట్లే చెడిపోతాది. పైకి మాత్రం తెలియదు. మన ఇంట్లో అన్నింటికంటే చల్లగా ఉండేది యాడ?"

ఆమె నన్ను మట్టి మిద్దెలోకి తీసుకెళ్ళింది. లోపల అడుగు పెట్టగానే చెమట ఆరింది. గోడకు మనిషి ఎత్తులో ఒక గూడు, పొడిగా, చీకటిగా. పెంచిన మోతాదుతో నేను తెచ్చిన కొత్త సీసాను అక్కడ పెట్టించి, మూత నొక్కి తిప్పే పద్ధతి చూపించాను. రెండు మూడు ప్రయత్నాల తర్వాత మూత టక్కున తెరుచుకుంటే హనుమక్క తాళం తీసినంత సంబరపడింది.

మేము బయల్దేరబోతుంటే ఆమె గూట్లోంచి దేవుని పటం కూడా తీసుకొని మిద్దెలోకి నడిచింది. ఎందుకని మంజుల అడిగితే, "రేకుల కింద దేవునికి మాత్రం ఉడకదా? ఆయన కూడా ఈడనే చల్లగా ఉంటాడు. దీపం గడప తావ పెడతాలే" అంది.

ఆరు వారాల తర్వాత చేసిన పరీక్షలో అంకె దిగింది. వానాకాలం వచ్చేసరికి పూర్తిగా అదుపులోకి వచ్చింది.

శాంతికి మూడేళ్ళు నిండేనాటికి నా పదవీ విరమణ దగ్గరపడింది. ఈ వైద్యంలో మూడో ఏడు ఒక మలుపు. మెదడు పెరుగుదలలో ముఖ్యమైన దశ అప్పటికి గడిచిపోతుంది. కొందరు పిల్లల్లో ఈ లోపం తాత్కాలికం. గ్రంథి తర్వాత తనంతట తానే పని అందుకుంటుంది. స్కానింగులో గ్రంథి ఉండాల్సిన చోటే కనబడిన పిల్లలకు, మూడేళ్ళ తర్వాత ఒక నెల మందు ఆపి, రక్తం పరీక్షించి, లోపం శాశ్వతమో కాదో తేలుస్తారు. శాంతికి చేయించిన స్కానింగులో గ్రంథి ఉండాల్సిన చోటే ఉంది, చిన్నదే అయినా. అనంతపురంలోని పిల్లల హార్మోన్ల నిపుణుడితో మాట్లాడి, ఆయన సలహా మీద ఆ పరీక్షకు నిర్ణయించాం.

అంతకుముందు పాప ఎదుగుదలను పరీక్షించాలి. వయసుకు తగ్గ మాట, చూపు, చేతి పని చూసే చిన్న చిన్న పరీక్షలు. శాంతి నా బల్ల మీద కూర్చొని చెక్క దిమ్మెలను ఒకదాని మీద ఒకటి పేర్చింది. గీత గీయమంటే గీసింది. తర్వాత బొమ్మల పుస్తకం తెరిచి ఒక్కొక్క బొమ్మ చూపించి "ఇదేమి?" అని అడగడం మొదలుపెట్టాను. కుక్క, కాకి, బస్సు, చెంబు. అన్నింటికీ టకటకా చెప్పింది. గొర్రె బొమ్మ దగ్గర ఆగింది. నా వైపు అనుమానంగా చూసింది.

"ఇదేమి?" అని మళ్ళీ అడిగాను.

"నీకు తెల్దా?" అంది శాంతి.

సుగుణ పగలబడి నవ్వింది. చీటీలో భాషాభివృద్ధి అన్న గడిలో 'వయసుకు తగ్గట్టు' అని రాశాను. అంతకంటే పెద్ద మాట రాయడానికి ఆ గడిలో వీలుండదు.

మందు ఒక నెల ఆపాలని చెప్పినప్పుడు ఒప్పుకోనిది హనుమక్కే. "మూడేండ్లు ఒక్కపూట మానకూడదంటివి. ఇప్పుడు ఆపమంటావా? అట్లయితే నేను ఒప్పుకోను." పరీక్ష ఎందుకో, నెలలో ఏ తేడా కనబడినా వెంటనే తీసుకురావాలని, ఈ వయసులో నెల ఆపితే మెదడుకు ముప్పు లేదని తిప్పేస్వామి, నేను చెరొకవైపు చెప్పి ఒప్పించాం.

నెల తర్వాత ఫలితం వచ్చింది. టి.ఎస్.హెచ్. బాగా పెరిగింది. లోపం శాశ్వతం. జీవితాంతం రోజూ ఒక మాత్ర. ఈ మాట చెప్పేటప్పుడు కన్నీళ్ళు వస్తాయని, ఓదార్చాల్సి ఉంటుందని సిద్ధపడి వాళ్ళను కూర్చోబెట్టాను. మంజుల, "బడికి పోయే ముందు వేస్తే సరిపోతాదా మేడం? వచ్చే ఏడు అంగన్‌వాడీలో వేస్తాండాం" అని అడిగింది. సరిపోతుందన్నాను. తిప్పేస్వామి సీసా తీసుకొని జేబులో పెట్టుకోబోయి, ఎండ గుర్తొచ్చి, సంచిలో గుడ్డ చుట్టి పెట్టుకున్నాడు. హనుమక్క మాత్రం నన్ను ఓడించిన సంతోషంతో ఉంది. "ఆపొద్దని నేను చెప్పలే?" అంది.

ఇప్పుడు నేను ఉద్యోగం ముగించి అనంతపురంలో ఉంటున్నాను. నా స్థానంలోకి వచ్చిన యువ డాక్టరుకు బాధ్యతలు అప్పగించేటప్పుడు ఈ కేసు వివరంగా చెప్పాను. ఈ రోగం పేరు పట్టుకోవడానికి నాకు ఒక పూట చాలింది. శరీరం చూపించే గుర్తులు తెలిసిన ఏ డాక్టరైనా పట్టుకోగలరు. ఆ తర్వాతి మూడేళ్ళ పని ఆ ఇంట్లో జరిగింది. అది సరిగ్గా జరగాలంటే మందు చీటీ మీద మోతాదు, వేళతోపాటు, ఆ మాత్ర ఏ గదిలో ఉండబోతోందో, ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో కూడా డాక్టరుకు తెలియాలి. ఈ రెండు ప్రశ్నలూ ఏ పాఠ్యపుస్తకంలోనూ నాకు కనబడలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.